హిమాలయాలు దాటిన పక్షి, ముప్పై అడుగుల తీగ

రిటైరైన కరెంటోళ్ళం అందరం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున్నే పూలబొమ్మలు, మధ్యాహ్నం మోకాళ్ళ నొప్పులకు ఆకుమందులు, సాయంత్రానికి ఎవరో ఒకరు పోయిన వార్త. మొన్న ఒకాయన కొత్తగా ఒక వీడియో పంపాడు. తల వెనక రెండు నల్లచారలున్న బూడిదరంగు పెద్దబాతులు బారు కట్టి మంచుకొండల మీదుగా ఎగురుతున్నాయి. మనిషైతే నాలుగడుగులు వేసి కూలబడే ఎత్తు అది. ఊపిరికి చాలినంత గాలి ఉండదు. అంత పైన కూడా అవి గద్దలా రెక్కలు చాపి తేలవు. రెక్కలు కొట్టుకుంటూనే హిమాలయాలు దాటి, చలికాలం గడపడానికి మన చెరువుల దాకా వస్తాయి. ఆ వీడియో కింద ఇరవై మంది దండాలు పెట్టారు. నేను పెట్టలేదు. ఫోను బోర్లించి కాఫీ తాగాను.

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొస్తారు. సార్, మీ అనుభవాలు చెప్పండి అంటారు. తుఫాను, కూలిన టవరు, ప్రాణాలకు తెగించడం, వాళ్ళకు అలాంటివి కావాలి. ముప్పై నాలుగేళ్ళలో నాకు అలాంటిదేమీ జరగలేదు. ఫైళ్ళు జరిగాయి. వాళ్ళకు చెప్పకుండా దాటేసిన సంగతి ఒక్కటుంది, అది ఈ పక్షి సంగతి. ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు.

అప్పుడు నేను బళ్ళారి దగ్గర కురుగోడు వైపు ఒక సెక్షన్‌కు ఇంజినీరుని. కుడతిని థర్మల్ ప్లాంటులో పుట్టే కరెంటు పెద్ద టవర్ల మీద ఎక్కడెక్కడికో పోతుంది. మా వంతుకు మిగిలేవి చిన్న లైన్లు. అందులో ఒక ముప్పైమూడు వేల వోల్టుల లైను ఇరవై కిలోమీటర్లు పోయి, కాలవ కింద ఉన్న క్యాంపు దగ్గర మా సబ్‌స్టేషన్‌లో దిగుతుంది. క్యాంపు అంటే కోస్తా నుంచి తాతల కాలంలో వచ్చి, భూములు కొని, వరి పెట్టిన రైతుల ఊరు. ఆ ఊరికి ముందు ఒక పెద్ద చెరువు ఉంది. చెరువుకూ వరిమళ్ళకూ నడుమ మా లైను, మూడు తీగలు, ముప్పై అడుగుల ఎత్తున.

ఆ లైను చూసుకునే లైన్‌మన్ ఇక్కడివాడే. నాలుగెకరాల మెట్ట ఉన్న కాపు కుటుంబం. మాట తక్కువ, పని ఎక్కువ. అతనికి ఒక్కతే కూతురు, అప్పటికి ఎనిమిదేళ్ళు, పుట్టుకతోనే చెవులు వినపడవు. బళ్ళారిలో అలాంటి పిల్లల బడి ఒకటుంది. రోజూ పొద్దున పాపను బండి మీద తెచ్చి బస్సెక్కించి, ఆ తరువాతే లైను మీదికి పోయేవాడు. ఆ బడిలో చేరాక పాప చేతులతో మాట్లాడడం నేర్చింది. పాపతో మాట్లాడడానికి తండ్రి కూడా నేర్చుకున్నాడు. అతని లోకం మొత్తం ఆ బస్సు చుట్టే తిరిగేది. బళ్ళారికి దూరమైతే పాప చదువు పోతుందన్న భయం తప్ప అతనికి ఇంకో భయం ఉన్నట్టు నేను చూడలేదు.

ఇక మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. లైను పడిపోతే, అంటే కరెంటు ఆగిపోతే, ఎందుకు పడిందో రిజిస్టరులో కారణం అన్న గడిలో రాయాలి. ఆ గడిలో ఉడుత అనో పాము అనో రాయాలంటే ఆ ఉడుతను తెచ్చి చూపించాలి. లైన్‌మన్‌లు మాడిపోయిన ఉడుతను తోక పట్టుకొని తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్ళు. నేను టీ గ్లాసు పక్కకు జరిపి, చూసి, సంతకం పెట్టేవాణ్ణి. శవం లేకపోతే ఇంకేమీ ఆలోచించేది లేదు, 'చెట్టు కొమ్మ' అని రాసేవాణ్ణి. అంటే లైన్‌మన్ కొమ్మలు కొట్టించలేదని అర్థం. తప్పు అతని మీదికి పోతుంది, ఫైలు మూసుకుంటుంది. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలీదు. నాకు మాత్రం చాలా సుఖంగా ఉండేది.

ఆ చలికాలం ఆ లైను తెల్లవారే వేళకు పడడం మొదలైంది. రెండు నిమిషాలాగి మళ్ళీ వేస్తే నిలబడుతుంది. నాలుగైదు రోజులకొకసారి ఇదే వరస. లైన్‌మన్ అప్పటికి అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్ల బట్టలు, మెడలో మాల. డ్యూటీలో మాత్రం బూట్లు వేసుకుంటాను, అయ్యప్ప ఏమీ అనుకోడులే అనేవాడు. మొదటిసారి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"సార్, పక్షులు తగుల్తాండాయి. చెరువులోకి వచ్చే పెద్దబాతులు."

"యాడుండాది పక్షి?" అన్నాను.

"నేను పొయ్యేసరికి లేదు సార్. ఈకలుండాయి." జేబులోంచి ఒక ఈక తీశాడు. కొన కాలి ఉంది.

"ఈకకేంది స్వామీ, యాడైనా దొరుకుతాది. బీడీ తగిలినా కాలుతాది."

మాల వేసుకున్నవాళ్ళను స్వామీ అంటాం కాబట్టి మర్యాదగానే తిట్టాననుకున్నాను. అతను ఈక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను రిజిస్టరులో చెట్టు కొమ్మ అని రాసి, పక్కన అతని సంతకం తీసుకున్నాను. ఆ చలికాలం తొమ్మిది సార్లు అలా రాశాను. ఒక్కసారి కూడా పోయి చూడలేదు.

నా ధీమాకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ పక్షుల గురించి ఆదివారం పేపరులో చదివి ఉన్నాను. హోటల్లో టీ తాగుతూ నలుగురికీ చెప్పేవాణ్ణి. మన చెరువులోకి వచ్చేవి మామూలు బాతులు కావప్పా, హిమాలయాలు దాటి వస్తాయి, విమానాలు పోయే ఎత్తులో ఎగురుతాయి అని. అర్ధ జ్ఞానం ఎంత పని చేస్తుందో అప్పుడు తెలియలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం క్యాంపు రైతు ఒకాయన భోజనానికి పిలిచాడు. సబ్‌స్టేషన్‌కు రెండు మళ్ళ అవతల ఆయన ఇల్లు. మోటార్ల కనెక్షను పని మీద అప్పుడప్పుడూ వస్తుంటాను కాబట్టి పరిచయం. అరిటాకు వేసి, వేడన్నం పెట్టి, బాతు ఇగురు వడ్డించారు.

"మన పెరట్లో బాతులేనండి. మొహమాటపడకండి సార్, ఇంకాస్త వేయించుకోండి," అన్నాడాయన.

మాంసం నల్లగా, కాస్త గట్టిగా ఉంది. రుచి మాత్రం బ్రహ్మాండం. రెండోసారి వేయించుకున్నాను. లైన్‌మన్ నాతోనే వచ్చాడు గానీ మాలలో ఉన్నాడని లోపలికి రాలేదు. బయట బండి దగ్గర నిలబడి మజ్జిగ తాగాడు. నేను తిని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ఆ ఇంటావిడ అతని చేతిలో ఏదో పెట్టి, పాపకివ్వు, ఆడుకుంటుంది అంటోంది. నేను పట్టించుకోలేదు. కడుపు నిండినవాడికి ఎవరి చేతిలో ఏముందో అక్కర్లేదు.

ఆ తరువాత వారం లైను పడి లేచినప్పుడు కాలవ మీద ఎత్తిపోతల మోటార్లు రెండు కాలిపోయాయి. నాట్లు వేసిన మళ్ళు ఎండుతున్నాయని నూరు మంది రైతులు సబ్‌స్టేషన్ గేటు ముందు కూర్చున్నారు. తప్పు మోపడానికి పై ఆఫీసుకు ఒక మనిషి కావాల్సి వచ్చింది. రిజిస్టరు తెప్పించారు. వరసగా చెట్టు కొమ్మ, చెట్టు కొమ్మ, చెట్టు కొమ్మ. విచారణ పెట్టారు.

విచారణకు వచ్చిన పెద్ద ఇంజినీరు ధార్వాడ వైపు ఆయన, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడరు. లైన్‌మన్ నల్ల బట్టల్లో, బూట్లు బయట విడిచి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సార్, ఆడ చెట్టే లేదు. పక్షులు తగుల్తాండాయి. మాలలో ఉండి అబద్ధం చెప్తానా?"

ఇరవై కిలోమీటర్ల లైను. ఆ చెరువు దగ్గర చెట్టు లేకపోతే ఇంకెక్కడో తుమ్మ చెట్లున్నాయి. లైను పడింది ఎక్కడో రిజిస్టరు చెప్పదు. పెద్దాయన తలెత్తి, "ఏన్రీ, సాక్షి ఎల్లి?" అన్నారు. సాక్ష్యం ఎక్కడయ్యా అని.

లైన్‌మన్ చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. నా వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తరువాత ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

అక్కడ నేను నోరు మూసుకొని ఉన్నా సరిపోయేది. కానీ పేపరు చదివినవాణ్ణి కదా. "సార్, ఆ పక్షులు హిమాలయాలు దాటి వస్తాయి. అంత పెద్ద కొండలు దాటే పక్షికి ముప్పై అడుగుల ఎత్తున తీగ కనపడదా?" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ ఒక్క నవ్వుతో విచారణ అయిపోయింది.

బయటికొచ్చాక లైన్‌మన్ నా బండి దగ్గరికి వచ్చాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు.

"సార్, నన్ను బీదర్ తట్టుకు పంపిస్తారంట. ఆడ పాపకు బడి లేదు. నాకేం చెయ్యొద్దు మీరు. ఒగ్గ దినం పొద్దున్నే వచ్చి మీ కండ్లతో సూడండి. సూసినాంక మీ ఇష్టం."

ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. మర్నాడు తెల్లవారుతుండగా పోయాను. చెరువు మీద, మళ్ళ మీద మంచు పరుచుకొని ఉంది. మేం నిలబడిన చోటినుంచి కనుచూపు మేర చెట్టన్నది లేదు. వరి నారు, గట్లు, మా స్తంభాలు, అంతే. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. అతను ఫ్లాస్కులో టీ తెచ్చాడు.

రాత్రంతా పొలాల్లో మేసిన బాతులు తెల్లవారగానే చెరువుకు తిరిగి వస్తాయట. ముందు అరుపు వినిపించింది, పాత బస్సు హారను మోగినట్టు. తరువాత మంచులోంచి బారు బయటపడింది. ఇంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఒక్కొక్కటి మేకపిల్లంత. రెక్క కొడుతుంటే గాలి చప్పుడు మా ముఖానికి తగిలింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత బరువును అంత ఎత్తుకు మోసుకుపోయే రొమ్ము ఎలాంటిదో అనుకున్నాను. చెరువు దగ్గరపడేసరికి బారు కిందికి దిగడం మొదలుపెట్టింది. ముందున్న పక్షి తీగలను మరీ చివర్లో చూసింది. పైకి లేవబోయింది.

దాని బలమే అప్పుడు దానికి అడ్డమైంది. మా సండూరు ఘాటు ఎక్కే ఖనిజం లారీ చూశారు కదా. ఎంత కొండైనా ఎక్కుతుంది, సందులో మాత్రం చటుక్కున తిప్పుకోలేదు. పైగా వాటి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దిగేటప్పుడు నీళ్ళు చూస్తాయి గానీ ఎదురుగా అడ్డంగా ఉన్న సన్న తీగను కాదు. ముందుది ఎలాగో దాటింది. వెనకవి రెండు దాటలేదు. ఒకటి తీగకు కొట్టుకొని మడిలో పడింది. రెండో దాని రెక్కలు బారలా విచ్చుకొని రెండు తీగలకూ ఒకేసారి తగిలాయి. తెల్లటి మెరుపు, పటాకు పేలినట్టు చప్పుడు. సబ్‌స్టేషన్‌లో దీపాలు ఆరిపోయాయి. మిగతా బారు అరుచుకుంటూ చెరువులో దిగింది.

నేను గట్టు మీద లేచి నిలబడ్డాను. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తున్నాడు. రూలు ప్రకారం ముందు అది చెయ్యాలి, ఆ తరువాతే లైను చూడ్డానికి కదలాలి. అతను శవం ఎప్పుడూ ఎందుకు తేలేకపోయాడో నాకు ఆ రెండు నిమిషాల్లో అర్థమైంది. అతను ఫోను పెట్టేలోపే మళ్ళ అవతలి నుంచి ఒక మనిషి గోనెసంచి పట్టుకొని గబగబా గట్టు మీద నడిచి వస్తున్నాడు. పడిన పక్షిని రెక్క పట్టుకొని ఎత్తి సంచిలో వేశాడు. రెండోదాని కోసం వంగి, తలెత్తేసరికి ఎదురుగా నేను.

ఆదివారం నాకు ఇగురు పెట్టిన రైతు.

"అయ్యో, మీరా సార్. ఇంత పొద్దున్నే వచ్చారేంటండి," అన్నాడు. సంచి వెనక్కి దాచుకోబోయి, ఎక్కడ దాస్తాం అనుకున్నాడేమో, కింద పెట్టేశాడు. "మేం చంపలేదండి. పడ్డవే తీసుకెళ్తాం. ఊరికే కుక్కల పాలవుతాయని. మా నారంతా తొక్కి పోతాయి కదండీ ఇవి. అయినా మీరు కూడా బాగుందన్నారు కదా సార్."

అంతా శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం అంటారు. ఆ చలికాలమంతా నేను లైన్‌మన్‌ను సాక్ష్యం ఏది స్వామీ అని అడుగుతూనే ఉన్నాను. ఆ సాక్ష్యాన్ని నేనే రెండోసారి వేయించుకొని మరీ తిన్నాను. గట్టు పక్కన వాంతి చేసుకున్నాను. లైన్‌మన్ నా వీపు నిమిరాడు. ఆ చెయ్యి వీపు మీద ఉన్నంతసేపూ నాకు సిగ్గుగా ఉంది.

తరువాత అతను జేబులోంచి ఒక చిన్న లోహపు కడియం తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఏవో పరదేశపు అక్షరాలు, అంకెలు. ఎక్కడో మంచుదేశంలో పక్షుల మీద పరిశోధన చేసేవాళ్ళు కాలికి తొడిగినది.

"ఆ ఆదివారం మీరు తిన్నదాని కాలుది సార్ ఇది. వాళ్ళింట్లోమె పాపకని ఇచ్చినాది."

"విచారణలో ఎందుకు చూపియ్యలేదప్పా?"

"యాడిదని అడుగుతారు గదా. ఈయప్ప మీద ఫారెస్టోళ్ళు కేసు పెడతారు. యెవురు తిన్న్యారంటే మీ పేరూ వస్తాది." గట్టు మీది ఫ్లాస్కు తీసుకుంటూ, "మీకు ముందే చెప్పాలని రెండుసార్లు ఆఫీసుకొచ్చినా. పనుండాది, తర్వాత రా అన్న్యారు," అన్నాడు.

ఆ రోజే రాస్తానని మాటిచ్చాను. ఆఫీసుకు పోయి, తలుపేసుకొని, తెల్లకాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. నిజం రాయాలంటే రెండు వాక్యాలు చాలు. ఈ లైను పక్షులు తగిలే పడుతోంది. ఇంతకుముందు తొమ్మిది సార్లు చెట్టు కొమ్మ అని నేను చూడకుండా రాశాను. మొదటి వాక్యం సులభంగా వచ్చింది. రెండోది రాస్తే సంజాయిషీ అడుగుతారు, నా ప్రమోషను ఫైలు పైన ఉంది, విచారణలో నేనన్న మాట నలుగురూ విన్నారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చివరికి, ఈ రోజు తెల్లవారుజామున పక్షులు తగలడం స్వయంగా చూశాను, తీగలకు గుర్తులు కట్టాలి అని మాత్రం రాసి, చచ్చిన పక్షి ఫొటో జతచేసి పంపాను. ప్రతి అక్షరం నిజమే. పాత గడులను అలాగే వదిలేశాను.

పై ఆఫీసు నా కాగితాన్ని ఒక ఫైల్లో, రిజిస్టరును ఇంకో ఫైల్లో పెట్టింది. ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు. లైన్‌మన్‌కు బదిలీ ఆర్డరు వచ్చింది. శబరిమల పోయివచ్చి, మాల తీసేసిన నాలుగో రోజు. సామాను వేసుకున్న టెంపో ముందు సీట్లో పాప కూర్చుంది. నన్ను చూసి, రెండు వేళ్ళు తల వెనక గీతలా రాసుకొని, చేతులు రెక్కల్లా ఆడించింది. పెద్దబాతుకు ఆ తండ్రీకూతుళ్ళు పెట్టుకున్న గుర్తు అది. చెరువు దగ్గర పక్షులు బాగున్నాయా అని అడుగుతాంది సార్, అన్నాడు అతను. బాగున్నాయని తలూపాను.

మరుసటి చలికాలానికి చెరువు దగ్గరి తీగలకు ఎర్రటి పళ్ళేలు వేలాడదీశారు. లైను పడడం ఆగిపోయింది. నాకు మెప్పు పత్రం వచ్చింది, ప్రమోషనూ వచ్చింది. ఆ పత్రం చాలా ఏళ్ళు బీరువాలో ఉండి, ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. వెతకలేదు.

ఒకసారి చెరువు మీదికి పోయి చూశాను కూడా. మంచులోంచి బారు వచ్చింది. పళ్ళేలు కనపడగానే చాలా ముందునుంచే, కష్టం లేకుండా, మనిషెత్తు పైకి లేచి దాటిపోయింది. అంత కొండలు దాటినదానికి ఆ కాస్త ముందుగా తెలిస్తే చాలు. చెప్పాల్సినవాడు చెప్పలేదు, అంతే.

అతనికి మళ్ళీ బళ్ళారి వైపు రావడానికి ఆరేళ్ళు పట్టింది. పాప రెండేళ్ళు ఇంట్లోనే కూర్చుంది. తరువాత ఎక్కడో హాస్టల్లో వేశారు. అది నేను వేరేవాళ్ళ ద్వారా విన్నాను, అడిగే ముఖం లేక.

పిల్లలూ, నీతి చెప్పే ఓపిక నాకు లేదు. మీ దగ్గర ఇప్పుడు రిజిస్టర్లు లేవు, కంప్యూటర్లే అంటున్నారు. దాంట్లో కూడా కారణం అని ఒక గడి ఉంటుంది కదా. అది నింపే ముందు బండెక్కి పోయి చూడండి.

ఇంతవరకు రాశాక అతనికి ఫోన్ చేశాను. పన్నెండేళ్ళ తరువాత. గొంతు గుర్తుపట్టి, బాగుండారా సార్, అన్నాడు. పాప ఇప్పుడు హొసపేటలో కంప్యూటర్ మీద పని చేస్తోందట. ఆ కడియం తాళంచెవుల గుత్తికి వేసుకుందట. ఇలా ఒకటి రాశానప్పా, నీకు ఇష్టం లేకపోతే చింపేస్తాను, అన్నాను. చదవండి సార్ అన్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాను.

"అంతా సరిగ్గానే ఉండాది సార్," అన్నాడు చివరికి. "ఒగటే తప్పు. తొమ్మిది సార్లు కాదు. పదకొండు."

ఆ మాట ఎక్కడుందో నేను కాగితాల్లో వెతికాను.

"ప్రతిసారీ నాతోనే గదా సార్ సంతకం పెట్టించుకున్న్యారు. అందుకే గుర్తుండాది," అన్నాడు.

పైన తొమ్మిది అని రాసిన రెండు చోట్లా పదకొండు అని దిద్దుకొని చదవండి.